బజారు లెక్కకూ బడి లెక్కకూ నడుమ

మెహదీపట్నం రైతు బజారుకు అమ్మ వెంట వెళ్లే మూడో తరగతి పిల్ల ఒకే సంఖ్యను ఒకే రోజులో మూడు పేర్లతో వింటుంది. ఇంట్లో అది యాభై తొమ్మిది, బడిలో ఫిఫ్టీ నైన్, బయట పండ్ల బండి దగ్గర ఉర్దూలో ఉన్సఠ్. మొదటి రెండు పేర్లలో యాభై ముందు, తొమ్మిది వెనుక పలుకుతాయి. మూడో పేరులో యాభై ఊసే లేదు, అరవైకి ఒకటి తక్కువ అన్న అర్థం ఉంది. ఆ పిల్ల చేతికి వంద నోటు ఇచ్చి, యాభై తొమ్మిది రూపాయల సరుకుకు చిల్లర ఎంత రావాలని అడిగితే కాసేపు ఆలోచించి నలభై ఒకటి అని సరిగ్గానే చెప్పవచ్చు. అదే పిల్ల ఇంటికి వచ్చి, హోంవర్కు పుస్తకంలో నిలువుగా వేసి ఉన్న 100 – 59 దగ్గర తడబడవచ్చు. ఆ రెండూ ఒకే లెక్క అన్న సంగతి పెద్దవాళ్లకు ఎంత తేటతెల్లమో పిల్లలకు అంత మరుగు. ఇంట్లో లెక్కలు నేర్పాలనుకునే తల్లిదండ్రులు అన్నిటికంటే ముందు గుర్తించవలసింది ఈ మరుగునే అని నేను అనుకుంటున్నాను.

ఈ విషయంలో మన చుట్టూ రెండు రకాల సలహాలు వినిపిస్తాయి. వర్క్‌షీట్లు చేయించండి, అబాకస్‌లో చేర్పించండి, ఎక్కాలు ఇరవై దాకా కంఠస్థం పట్టించండి అన్నది ఒకటి. పిల్లలను బజారుకు తీసుకెళ్లండి, వంటింట్లో కొలతలు కొలవనివ్వండి, లెక్కలు వాటంతట అవే వస్తాయి అన్నది రెండోది. రెండో సలహా ఎంతో హాయిగా ఉంటుంది, నేనూ చాలాకాలం దాన్నే నమ్మాను. అయితే 2025లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఆ నమ్మకాన్ని సవరించుకునేలా చేసింది. అర్థశాస్త్రంలో 2019 నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, హార్వర్డ్‌లో మనస్తత్వ శాస్త్రం బోధించే ఎలిజబెత్ స్పెల్కీ, మరికొందరు పరిశోధకులు కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో అమ్మకాలు చేసే పిల్లలను పరిశీలించారు. కూరగాయల తూకాలూ ధరలూ కలిసిన చిక్కు బేరాలను కాగితం లేకుండా నోటితోనే సరిగ్గా తేల్చిన ఆ పిల్లలు, బడిలో ఇచ్చే పద్ధతిలో రాసి చూపిన తేలిక లెక్కలను చాలా వరకు చేయలేకపోయారు. మార్కెట్ అనుభవం లేని బడి పిల్లలు రాతలెక్కల్లో మెరుగ్గా ఉన్నా, బజారు లెక్క ముందు తడబడ్డారు. అంటే ఒకచోట వచ్చిన లెక్క దానంతట అది రెండో చోటికి నడిచిపోదు. దాన్ని చేయి పట్టుకుని దాటించేవాళ్లు ఒకరు కావాలి. నలభై మంది ఉండే తరగతిలో ఉపాధ్యాయులకు ఒక్కొక్క పిల్లతో ఆ పని చేసే తీరిక దొరకదు. ఇంట్లో ఉన్నవాళ్లకు, రోజుకు పది నిమిషాలైనా, దొరుకుతుంది.

దాటించడం అంటే ఏమిటో విప్పి చెప్పుకోవాలి. ప్రతి సంఖ్యకూ మూడు ఉనికులు ఉంటాయి: చేతిలో ఉండే పరిమాణం, నోటిలో ఉండే మాట, కాగితం మీద ఉండే గుర్తు. ఏడు చింతగింజలు, ‘ఏడు’ అనే పలుకు, 7 అనే అంకె ఒకటేనని పిల్లకు పుట్టుకతో తెలియదు. నాలుగేళ్ల పిల్లాడు ఇరవై దాకా గడగడా చెప్తుంటే ఇంటిల్లిపాదీ మురిసిపోతారు, మురిసిపోవలసిందే. కాని అదే పిల్లాడిని వంటింట్లోకి వెళ్లి నాలుగు చెంచాలు తెమ్మంటే గుప్పెడు చెంచాలు పట్టుకొచ్చినా ఆశ్చర్యపడనక్కరలేదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోషెల్ గెల్మన్, రాండీ గాలిస్టెల్ 1978లో లెక్కించడంలోని సూత్రాలను వివరించినప్పుడు వాటిలో కీలకమైన ఒకదాన్ని చూపించారు: లెక్కిస్తూ పోయి చివర పలికిన మాటే ఆ గుంపులో మొత్తం ఎన్ని ఉన్నాయో చెబుతుంది. ఇది పెద్దలకు సూత్రంలా కూడా అనిపించదు. అందుకే పిల్ల ‘ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు’ అని ఇడ్లీలు లెక్కపెట్టగానే అక్కడితో ఆపకుండా, ‘అయితే మొత్తం ఎన్ని?’ అని అడగాలి. కొందరు పిల్లలు జవాబు చెప్పడానికి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతారు. అలా మొదలుపెడితే చివరి మాట విలువ వాళ్లకు ఇంకా అందలేదని అర్థం.

ఇక భాష. హైదరాబాదు ఇళ్లలో ఈ చిక్కు మిగతా చోట్ల కంటే ఎక్కువ, అయినా మన చేతిలో ఉన్న గొప్ప సాధనమూ ఇదే. తెలుగులో సంఖ్యల పేర్లు దాదాపుగా తమ కట్టుబడిని తామే చెప్పుకుంటాయి. పదకొండు, పన్నెండు కాస్త రూపం మార్చుకున్నా, పదమూడు నుంచి పంతొమ్మిది వరకు ప్రతి పేరులోనూ పది ముందు నిలుస్తుంది, ఒకట్లు వెనుక వస్తాయి. ఇరవై దాటాక ఇరవై మూడు, నలభై ఆరు, తొంభై ఎనిమిది అంటూ అంకెలు రాసే వరుసలోనే మాటలు వస్తాయి. ఆంగ్లంలో థర్టీన్ అన్నప్పుడు మూడు ముందు వినిపిస్తుంది, పైగా అది థర్టీకి మరీ దగ్గరగా ఉంటుంది. అందుకే ఒకటో తరగతి పిల్లలు థర్టీన్ అనగానే 31 అనో 30 అనో రాయడం తరచుగా కనిపిస్తుంది. హిందీ, ఉర్దూలలో తొంభై తొమ్మిది దాకా దాదాపు ప్రతి పేరునూ విడిగా గుర్తుపెట్టుకోవాలి. ఇలాంటప్పుడు బడిది ఆంగ్ల మాధ్యమం కదా, ఇంట్లో తెలుగు సంఖ్యలు చెబితే పిల్ల గందరగోళపడుతుందని భయపడి, తెలుగులో మాట్లాడుకునే ఇంట్లో కూడా అంకెలను మాత్రం ఆంగ్లంలోనే పలికే తల్లిదండ్రులు నాకు చాలామంది తెలుసు. ఆ భయం వల్ల పిల్ల చేతిలోని తేలికైన పనిముట్టును లాగేసుకున్నట్టు అవుతుంది. ‘థర్టీన్ అంటే పదమూడు, పది మీద మూడు’ అని ఒకే ఊపిరిలో రెండు పేర్లూ చెప్పి, పక్కనే 13 అని రాసి చూపితే మూడు ఉనికులూ ఒకేచోట కలుస్తాయి. తెలంగాణ ప్రభుత్వ బడులలో 2022–23లో ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టినప్పుడు పాఠ్యపుస్తకాలను ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఆంగ్లంగా అచ్చువేశారు. ప్రైవేటు బడికి పిల్లలను పంపేవారు కూడా ఆ గణితం పుస్తకాన్ని ఒకసారి తిరగేస్తే, ఇంట్లో వాడుకోదగ్గ మాటలు ఎన్నో దొరుకుతాయి.

స్థానవిలువ దగ్గర మాట ఇంకా ఎక్కువ పని చేస్తుంది. 52 నుంచి 27 తీసివేయమంటే 35 అని రాసిన పిల్లను మనం అజాగ్రత్త అని మందలిస్తాం. ఆ పిల్ల అజాగ్రత్తగా ఏమీ లేదు, ఒక నియమాన్ని నిక్కచ్చిగా పాటించింది: ప్రతి నిలువు వరుసలోనూ పెద్ద అంకె నుంచి చిన్న అంకెను తీసేసింది. ఏడులో రెండు పోతే అయిదు, అయిదులో రెండు పోతే మూడు. నియమం తప్పు, పాటించిన తీరు ఒప్పు. ఇక్కడ మనం చెప్పే సవరణ ‘పక్కింటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకో’ అన్నది. ఈ మాట నాకు ఎప్పుడూ నచ్చలేదు. అప్పు తెస్తే చేతిలో ఉన్నది పెరగాలి, తరువాత తీర్చాలి. ఇక్కడ ఏదీ పెరగదు, ఏదీ తీర్చనవసరం లేదు. నిజానికి ఇక్కడ జరిగేది చిల్లర మార్చడం. పిల్ల ముందు అయిదు పది రూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్లలు పెట్టి, ఇరవై ఏడు రూపాయలు ఇవ్వమనండి. ఏడు బిళ్లలు లేవు కాబట్టి ఒక పది నోటును చిల్లరగా మార్చుకోక తప్పదు. ఇప్పుడు నాలుగు నోట్లు, పన్నెండు బిళ్లలు ఉన్నాయి, మొత్తం మాత్రం ఇంకా యాభై రెండే. అందులోంచి రెండు నోట్లు, ఏడు బిళ్లలు ఇస్తే మిగిలేది ఇరవై అయిదు. ఆ పని చేస్తున్నప్పుడే పక్కన కాగితం మీద అయిదును కొట్టేసి నాలుగు, రెండు స్థానంలో పన్నెండు రాయించాలి. నోటు మార్చిన క్షణానికీ అంకె కొట్టేసిన క్షణానికీ మధ్య ఎడం లేకుండా చూడటమే ఇందులో అసలు పని. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువునూ లెక్కలనూ పరీక్షించే అసర్ సర్వేలో ఇచ్చే తీసివేత సరిగ్గా ఇలాంటిదే. 2024లో గ్రామీణ భారతదేశంలో మూడో తరగతి పిల్లలలో కనీసం ఆ లెక్క చేయగలిగినవారు 33.7 శాతమే. అది పల్లెలకే పరిమితమైన సర్వే కాబట్టి హైదరాబాదు గురించి ఏమీ చెప్పదు, కాని ఈ తీసివేత ఎంతమందికి కొరుకుడుపడని చోటో చూపిస్తుంది.

మార్కెట్లో దుకాణదారు తీసివేయడు, కూడుతూ పోతాడు. అరవై మూడు రూపాయల సరుకుకు వంద ఇస్తే ‘అరవై మూడు’ అని మొదలుపెట్టి, రెండు రూపాయలు పెట్టి అరవై అయిదు, అయిదు పెట్టి డెబ్భై, పది పెట్టి ఎనభై, ఇరవై పెట్టి వంద అంటూ చేతిలో చిల్లర పోస్తాడు. పెట్టినవన్నీ కలిపితే ముప్పై ఏడు. ఇదే పద్ధతిని కాగితం మీద ఒక గీత గీసి, ఒక చివర 63, మరో చివర 100 రాసి, మధ్యలో గంతులుగా చూపిస్తే బడి లెక్క అవుతుంది. మోండా మార్కెట్లోనో కోఠిలోనో పెరిగిన పాతతరం ఈ లెక్కను చూస్తూ పెరిగింది. ఇప్పుడు ఫోను ఎత్తి క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయగానే బేరం ముగుస్తుంది. యూపీఐ వచ్చిన 2016 తరువాత పుట్టిన పిల్లలకు చిల్లర చేతులు మారడం కనపడటమే అరుదైపోయింది. సౌకర్యాన్ని వదులుకోమని నేను అనడం లేదు. వారానికి ఒక్కసారి, ఆకుకూరలకో పూలకో, నోట్లతో వెళ్లి పిల్ల చేత చెల్లింపు చేయించి, వచ్చిన చిల్లర సరిపోయిందో లేదో అక్కడే చూడమంటే చాలు. ఇంటికి వచ్చాక ఆ లెక్కను ఒక నోటు పుస్తకంలో రాయించాలి. బజారుకు వెళ్లిరావడంతో సగం పనే అవుతుంది, మిగతా సగం ఈ రాత.

భిన్నాల విషయం ఇంతకంటే ఆసక్తికరం, ఇక్కడ కాస్త నిలబడి చూడాలి. తెలుగు పిల్లలకు బడికి వెళ్లకముందే పావు, అర, ముప్పావు తెలుసు. ఒకటిన్నర, పావు తక్కువ పది కూడా తెలుసు. బజారులో సవా, డేఢ్, ఢాయీ వింటారు. ఇంట్లో అమ్మమ్మలు ఉంటే గిద్దెడు, సోలెడు, తవ్వెడు, మానెడు, అడ్డెడు, కుంచెడు అన్న మాటలు ఇప్పటికీ వినవచ్చు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. ప్రతిసారీ రెట్టింపు, వెనక్కి వస్తే ప్రతిసారీ సగం. ఇంత సంపద ఉన్న పిల్లలే నాలుగో తరగతిలో 1/4 పెద్దదా, 1/3 పెద్దదా అంటే, మూడు కంటే నాలుగు పెద్దది కాబట్టి 1/4 అని ధీమాగా చెబుతారు. ఎందుకంటే పావు అన్న మాట దానంతట అది నాలుగును గుర్తు చేయదు. అది వాళ్లకు ఒక పేరు మాత్రమే, కిలో పక్కన ఉండే చిన్న పొట్లం.

ఇక్కడ తెలుగు మరొక దారి చూపుతుంది. ఆంగ్లంలో త్రీ బై ఫోర్ అన్నప్పుడు పిల్లకు వినిపించేవి రెండు విడి సంఖ్యలు, అందులోనూ ముందు వచ్చేది పైన ఉన్న మూడు. తెలుగులో ‘నాలుగింట మూడు వంతులు’ అంటాం. ముందు నాలుగు భాగాలు చేశాం, వాటిలో మూడు తీసుకున్నాం అన్న జరిగిన పని వరుస మాటలోనే ఉంది. అందుకే పావు కిలో కందిపప్పు తూచినప్పుడు ‘ఇది కిలోలో నాలుగో వంతు, ఇలాంటివి నాలుగు కలిస్తే కిలో’ అని చెప్పి, 1/4 అని రాసి, తూకం యంత్రం మీద 0.250 అని కనిపించే అంకెను చూపించాలి. రొట్టెను నలుగురికి పంచితే ఒక్కొక్కరికి వచ్చే ముక్క, ముగ్గురికి పంచితే వచ్చే ముక్క కంటే చిన్నదని కంటితో చూసిన పిల్లకు, కింది అంకె పెరిగే కొద్దీ ముక్క తగ్గుతుందన్న సంగతి నియమంగా బట్టీ పట్టవలసిన అవసరం ఉండదు.

ఎక్కాల గురించి పెద్ద వివాదమే ఉంది. అర్థం చేసుకుంటే చాలు, కంఠస్థం ఎందుకు అనేవారూ, కంఠస్థం లేనిదే లెక్క కదలదు అనేవారూ ఇద్దరూ సగం సగం సరైనవారే. ఎనిమిదేడులు ఎంత అని ప్రతిసారీ వేళ్ల మీద లెక్కించుకునే పిల్లకు భాగహారం మధ్యలో అసలు ఏం చేస్తున్నానో మరిచిపోయేంత శ్రమ పడుతుంది, కాబట్టి జ్ఞాపకంలో ఉండాలి. అయితే జ్ఞాపకం పెట్టుకోవలసినవి మనం అనుకునేంత ఎక్కువ లేవు. ఒకటి నుంచి పది వరకు ఎక్కాలలో వంద హెచ్చవేతలు ఉంటాయి. ఏడెనిమిదులూ ఎనిమిదేడులూ ఒకటేనని గ్రహిస్తే అవి 55కు తగ్గుతాయి. ఒకటి, రెండు, అయిదు, పది ఎక్కాలు ఎవరికైనా త్వరగా వస్తాయి కనుక వాటిని పక్కన పెడితే మిగిలేవి 21. తొమ్మిదో ఎక్కాన్ని పదో ఎక్కం నుంచి ఆ సంఖ్యను ఒకసారి తగ్గించి (డెబ్భైలో ఏడు పోతే తొమ్మిదేడులు అరవై మూడు) రాబట్టుకుంటే నిజంగా కష్టపడవలసినవి 15. వాటిలోనూ నాలుగేడులు ఇరవై ఎనిమిది తెలిస్తే, ఎనిమిదేడులు దానికి రెట్టింపు, యాభై ఆరు. ఈ పదిహేనింటిని వారానికి రెండు చొప్పున నేర్పినా రెండు నెలల పనే. పదిహేడో ఎక్కం, పంతొమ్మిదో ఎక్కం కోసం ఏడేళ్ల పిల్లను ఏడిపించడం మానుకోవచ్చు. ఎక్కాలను తెలుగులో చెప్పించాలా, ఆంగ్లంలోనా అని అడిగితే, పిల్ల దేనిలో తొందరగా తడుముకోకుండా చెబితే దానిలోనే అంటాను.

ఆటలను కేవలం కాలక్షేపంగా చూడనవసరం లేదు. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ 2008లో ప్రచురించిన ప్రయోగంలో, అంకెలు వరుసగా వేసిన పట్టీ మీద కొద్ది రోజులు ఆడిన పేద కుటుంబాల చిన్నపిల్లలకు సంఖ్యల అవగాహన మెరుగుపడింది. అదే పట్టీ మీద అంకెలకు బదులు రంగులు ఉన్నప్పుడు ఆ లాభం రాలేదు. తరువాత 2014లో లాస్కీ, సీగ్లర్ మరొక సూక్ష్మాన్ని చూపించారు. గడులు దాటేటప్పుడు ప్రతిసారీ ‘ఒకటి, రెండు, మూడు’ అనడం కంటే, గడిలో ఉన్న సంఖ్యనే పలుకుతూ కదిలిన పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు. మన వైకుంఠపాళికి ఇది చక్కగా సరిపోతుంది. కాయ 23లో ఉండి నాలుగు పడితే ‘ఇరవై నాలుగు, ఇరవై అయిదు, ఇరవై ఆరు, ఇరవై ఏడు’ అంటూ జరపాలి. ఇది మొదట్లో పిల్లలకు కష్టంగా ఉంటుంది, ఆ కష్టమే నేర్పుతుంది. వామనగుంటలలో గింజలు పంచడం, సంక్రాంతికి ఏడు చుక్కల ముగ్గును నాలుగు వచ్చేదాకా సందు చుక్కతో పెట్టడం కూడా లెక్కలే. ఆ ముగ్గులో మొత్తం చుక్కలెన్ని అని అడిగితే, ఒక్కొక్కటీ లెక్కపెట్టే పిల్ల నెమ్మదిగా మధ్య వరుస ఏడు, ఇరువైపులా ఆరు, అయిదు, నాలుగు రెండేసి సార్లు అని గమనించి ముప్పై ఏడు అని రాబట్టే రోజు వస్తుంది. ఆ రోజు కోసం వేచి ఉండగలగాలి, ముందే చెప్పేయకూడదు.

సమానం గుర్తును చాలామంది తల్లిదండ్రులు పట్టించుకోరు. 8 + 4 = __ + 5 అని రాసిస్తే ప్రాథమిక తరగతుల పిల్లలలో ఎక్కువమంది ఖాళీలో 12 అని రాస్తారని అమెరికాలో పదేపదే తేలింది. సమానం అంటే ‘ఇప్పుడు జవాబు రాయి’ అని వాళ్లు అనుకుంటారు. బండి మీద తక్కెడ ఉన్న రోజుల్లో ఇరుపక్కలా ఒకటే బరువు అన్నది రోజూ కంటపడేది. బట్టల హ్యాంగరుకు చెరోవైపు ఒక సంచి కట్టి, ఒకే సైజు బిళ్లలు వేసి చూపిస్తే పిల్ల తానే 7 అంటుంది. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కాని, ఏడో తరగతిలో సమీకరణాలు వచ్చినప్పుడు బీజగణితం ఎందుకు అర్థం కావడం లేదో తెలియక ట్యూషన్లు మార్చే ఇళ్లలో తరచూ మూలం ఇక్కడే ఉంటుంది.

ఇన్ని చెప్పాక, ఇంట్లో సహాయం కొన్నిసార్లు చేటు చేస్తుందని కూడా చెప్పాలి. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తమకే లెక్కలంటే భయం ఉన్న తల్లిదండ్రులు హోంవర్కులో తరచుగా సాయం చేసినప్పుడు, ఒకటో రెండో తరగతి పిల్లలు ఆ ఏడాది తక్కువ నేర్చుకున్నారని, వాళ్లలోనూ ఆ భయం పెరిగిందని తేలింది. మన ఇళ్లలో ‘నాకూ లెక్కలు రావు, నీకు నా పోలికే’ అని ప్రేమగా అనే మాట పిల్లకు తీర్పులా వినిపిస్తుంది. లెక్కలంటే బెదురు ఉన్నవారు హోంవర్కు జోలికి పోకుండా ఆటలు, కొలతలు, చిల్లర వరకు తాము ఉంచుకుని, రాత పనిని ఇంట్లో మరొకరికి అప్పగించడం మేలు. అందరికీ పనికొచ్చేది ఒకటే ప్రశ్న: ‘ఎలా చేశావు?’ దీన్ని తప్పు వచ్చినప్పుడు మాత్రమే అడిగితే పిల్ల ఆ ప్రశ్న వినగానే రబ్బరు తీసుకుంటుంది. సరైన జవాబు దగ్గర కూడా అదే గొంతుతో అడగాలి.

ఇవన్నీ నెలల తరబడి ఓపికగా చేసినా, ఎనిమిదేళ్లు నిండిన పిల్ల రెండు చిన్న గుంపులలో ఏది ఎక్కువో చూసి చెప్పలేకపోవడం, వేళ్లు లేకుండా అయిదు, మూడు కూడా కలపలేకపోవడం, గడియారం, డబ్బు ఎన్నిసార్లు చెప్పినా నిలవకపోవడం గమనిస్తే, బద్ధకమని తేల్చేయకుండా డిస్కాల్క్యులియా, అంటే లెక్కలు నేర్చుకోవడంలో ఉండే ప్రత్యేకమైన ఇబ్బంది, గురించి నిపుణులను అడగాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాలలో దీన్ని పేరు పెట్టి చేర్చింది. నిర్ధారణ జరిగితే బడిలో, పరీక్షలలో వెసులుబాట్లు అడగవచ్చు. నిపుణుల దగ్గరికి వెళ్లేటప్పుడు మార్కుల కార్డు ఒక్కటే తీసుకెళ్లకండి. పిల్ల కొట్టివేతలతో సహా లెక్క చేసిన నాలుగు పేజీలు, ఒక్కొక్క దాని పక్కన ‘ఎలా చేశావు’ అన్నదానికి పిల్ల చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి తీసుకెళ్లండి.